నీళ్లు మోసే బరువు

అసిరమ్మ కుడిచెయ్యి ఊరికే నెత్తిమీదికి పోతుంటుంది. పాలక్యాను ఉన్నా, గడ్డిమోపు ఉన్నా, ఏమీ లేకపోయినా అంతే. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యెత్తి, లేని బరువును ఒకసారి సర్దుకుంటుంది. ఎనిమిదో ఏట నీళ్లబిందె ఎత్తుకున్న నాటినుంచి ఆమె మెడ వంగలేదు. కిందపడ్డ వస్తువును కూడా మోకాళ్లు మడిచి, తల నిలువుగా ఉంచే తీస్తుంది.

ఊరు నాగావళి ఒడ్డున. ఆమెకు అయిదు గేదెలు. వరినాట్లు పడ్డాక ఇవతల గేదె నోరు పెట్టడానికి గట్టయినా మిగలదు. గడ్డంతా ఏటి నడుమ లంకలోనే. కోతలయ్యేదాకా రోజూ గేదెల్ని ఈదించుకుని లంకకు తోలుకుపోవాలి. ముందు గేదె తోక పట్టుకుని మగవాళ్లు వెళ్తారు. ఆడవాళ్లు ఇవతలే ఉండి సాయంత్రం పాలు పితుకుతారు. ఇన్నేళ్లూ ఆమె మొగుడు ఎర్రన్న వెళ్లాడు. వినాయకచవితికి ముందు రాజాం రోడ్డు మీద ఆటో తిరగబడి అతని కుడిభుజం విరిగింది. ఆ చెయ్యి ఇప్పుడు నోటిదాకా కూడా లేవదు.

గేదెలు పది రోజులుగా ఎండుగడ్డి నములుతున్నాయి. పాలు సగానికి పడ్డాయి. సంగతి తెలిసి పశువుల బేరగాడు జగన్నాధం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"గేదల్ని అమ్మీ వదినా. పసువులు సిక్కిపోతన్నాయి. ఎల్లుండి పొద్దున్న వ్యాను తెస్తాను."

"లంకకి నానెల్తాను," అంది అసిరమ్మ.

"నువ్వా? తోకట్టుకునా?" జగన్నాధం పడీపడీ నవ్వాడు. "గేద లంకెక్కుతాది. నువ్వు సీకాకుళంలో తేల్తావు."

"తేల్తాను కదా, సాలు."

ఆ మధ్యాహ్నమే చీర కచ్చా కట్టి ఏట్లో దిగింది. నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లిగేదె తోక పట్టుకుంది. కాళ్లకు నేల అందినంతసేపూ బాగానే నడిచింది. నేల తప్పగానే మెడ బిగిసింది. తల నిలువుగా నీళ్లపైకి లేచింది. కుడిచెయ్యి తోక వదిలి నెత్తిమీదికి పోయింది. మనిషి గునపంలా దిగిపోయింది.

ఎర్రన్న పరుగున దిగి ఎడమచేత్తో కొప్పు పట్టి లాగాడు.

"ఏటే, నీల్లల్లో కూడా బిందె మోస్తన్నావేటి?"

"ములిగిపోతంటే సెయ్యెత్తక ఏటి సేస్తాను మావా?" దగ్గుల మధ్య అడిగింది.

"ఎత్తబట్టే ములిగావు. అదిగో, దాన్ని సూడు."

బొల్లిది తనపాటికి తాను ఏటి నడుమకు పోతోంది. వీపు కనిపించడం లేదు. కొమ్ములు, కళ్లు, ముక్కుపుటాలు. అంతే.

"కొండలాటి ఒల్లు. మొత్తం నీల్లకి ఇచ్చీసింది. నీల్లు లోనున్నదాన్నే మోస్తాయే. బయటున్నదాన్ని నువ్వే మొయ్యాల. తలా సెయ్యీ బయటెట్టావు, ఆ బరువే నిన్ను కిందకి తొక్కీసింది."

"మరి ఊపిరి?"

"రొమ్మునిండా పట్టి ఉంచు. ఖాలీ బిందె ములుగుతాదేటి?"

ఆమెకు అర్థమైంది. మెడకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దుటినుంచీ రొమ్ములోతు నీళ్లలో నిలబడి వెనక్కి వాలడం నేర్చుకుంది. ఎర్రన్న ఎడమచెయ్యి మెడ కింద పెట్టేవాడు. చెవుల్లోకి నీళ్లు రాగానే లోకం చప్పుడంతా ఆగిపోయేది. ఆమె బెదిరి తల ఎత్తేసేది. తల ఎత్తినప్పుడల్లా కాళ్లు దిగబడేవి. ఎన్నిసార్లు మునిగిందో లెక్క లేదు. కళ్లు ఎర్రబడ్డాయి.

"నీకో దండం. అమ్మీదాం," అన్నాడు ఎర్రన్న.

"నువ్వు ఒడ్డెక్కు."

"సస్తేనో?"

"సస్తే కొప్పట్టుకుని లాగుదువు. ఎల్లు."

అతను ఒడ్డెక్కి, కాళ్లు నీళ్లలోనే ఉంచి కూర్చున్నాడు. అసిరమ్మ ఊపిరి నిండా పీల్చి వెనక్కి వాలింది. చెవుల్లోకి నీళ్లు వచ్చాయి. రానిచ్చింది. చేతులు నీటి కిందే ఉంచింది. నలభై ఏళ్లుగా తానే నిలబెట్టిన తలను, బియ్యం మూట దించినట్టు, నీళ్ల మీదికి దించింది. కాళ్లను ఆమె ఎత్తలేదు. అవే లేచాయి.

పొద్దు వాలేదాకా మళ్లీ మళ్లీ వాలింది. తర్వాత బోర్లా తిరిగి, గడ్డం నీళ్లలో పెట్టి, ఎర్రన్న పంచె కొసను తోకలా పట్టుకుని తేలింది. అతను లోతు నీళ్లలోకి లాగినా చెయ్యి పైకి పోలేదు.

మర్నాడు తెల్లవారగానే అయిదు గేదెల్నీ ఏట్లోకి తోలింది. బొల్లిదాని తోక పట్టుకుంది. నేల తప్పే చోట రొమ్మునిండా ఊపిరి పట్టి గడ్డం దించింది. వెనక గట్టు మీద వ్యాను హారన్ మోగింది. ఆమె తల తిప్పలేదు. గేదెలన్నీ లంక ఎక్కాక తానూ ఎక్కి, చీర చెంగు పిండుకుని, వాటిని పచ్చగడ్డి వైపు అదిలించింది.