రెండు వందల పక్షవాతాలు

మా మేనత్తకు రెండు వందల సార్లు పక్షవాతం వచ్చింది. పొద్దున రావడం, భోజనం వేళకు పోవడం. ప్రపంచంలో ఇంకెవరికైనా ఇలా జరిగిందని చూపిస్తే, నేను మధ్యలో ఎగ్గొట్టిన చదువు మళ్ళీ మొదలుపెడతాను. అంతకన్నా పెద్ద పందెం కాయడం నా వల్ల కాదు.

అత్త నర్సు. ఆవిడ వార్డులో ఇరవై మంచాలు, ఒక గాజు తలుపు. రోగి తాలూకు మనుషులు ఆ తలుపు అవతలే ఉండాలన్నది పెద్ద డాక్టరుగారి నియమం. లోపల నర్సులు రోగిని పక్కకు తిప్పేవాళ్ళు, ఒళ్ళు తుడిచేవాళ్ళు, తినిపించేవాళ్ళు. బయట భార్యలూ కొడుకులూ గాజుకు ముక్కులానించి చూసేవాళ్ళు. ఒకరోజు ఆ మనిషిని వాళ్ళ చేతుల్లో పెట్టి ఇంటికి పంపేసేవాళ్ళు. నెల తిరక్కుండా అతను వీపునిండా పుళ్ళతో అదే మంచానికి తిరిగొచ్చేవాడు.

"రేపు ఇంట్లో చూసుకునేవాళ్ళకు నేర్పకపోతే, మనం చేసేదంతా బూడిదలో పోసిన పన్నీరే," అంది అత్త.

"సిస్టర్, ఇది ఆస్పత్రి. బడి కాదు," అన్నారు డాక్టరుగారు.

బడి మాట వచ్చింది కాబట్టి నేను డాక్టరుగారి పక్షమే. కానీ అత్త పట్టు ముందు ఉడుం కూడా చేతులెత్తేయాలి. చివరికి ఒప్పందం కుదిరింది. ఒకే ఒక్క రోగి, అతని ఇంటివాళ్ళను లోపలికి పిలిచి నేర్పవచ్చు. ఇంటికెళ్ళిన నెలలోపు అతని వీపు మీద పుండు కనిపిస్తే అత్త ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు. కనిపించకపోతే ఆ తలుపు అందరికీ తెరవాలి.

ఆ రోగి ఒక దర్జీ. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. నాలుక మొద్దుబారి పది రోజులుగా నోరు విప్పలేదు. భార్య గుప్పెడు మనిషి. ముట్టుకుంటే మొగుడు ఎక్కడ విరుగుతాడోనని భయం.

అత్త బూట్లు విప్పి పక్కనున్న ఖాళీ మంచం మీద పడుకుంది. ఎడమవైపు మొత్తం గోనెసంచిలా వదిలేసింది.

"ఇప్పుడు నేనే మీ ఆయన్ని. లేపి కూర్చోబెట్టండి."

ఆవిడ వచ్చి, బావిలోంచి చేద లాగినట్టు అత్త ఎడమ చెయ్యి పట్టుకు లాగింది.

"భుజం ఊడింది," అంది అత్త కళ్ళు తెరవకుండానే. "పడిపోయిన చెయ్యి లాగకూడదమ్మా. మోకాళ్ళు మడిచి పక్కకు దొర్లించండి. వీపు వెనక చెయ్యి వేసి లేపండి. మళ్ళీ."

రెండోసారి అత్త మంచం అంచుదాకా వచ్చి ఆగింది. మూడోసారి ఆవిడ అత్తను వెల్లకిలా ఉంచే నోట్లో నీళ్ళు పోసింది. అత్తకు పొలమారింది.

"ఇప్పుడు చంపేశారు. ముందు కూర్చోబెట్టాలి, గడ్డం కిందికి దించాలి, అప్పుడు చెంచాడు పొయ్యాలి. మళ్ళీ."

"ఇంకా ఎన్నిసార్లు చస్తారు సిస్టరమ్మా?"

"మీకు వచ్చేదాకా."

అప్పుడు దర్జీ మంచం మీంచి ముద్దముద్దగా గొంతు వచ్చింది. "దాన్నేం... అనకండి. మీరు... నాకన్నా... బరువు."

పది రోజుల తర్వాత మొగుడి నోట మొదటి మాట అది. ఆవిడ ఏడవబోయి నవ్వింది. అత్త నవ్వలేదు. ఆవిడకు సగం మూతి పడిపోయి ఉంది కదా మరి.

ఆరో రోజుకు దర్జీ భార్య అత్తను కుట్టుమిషను కింద గుడ్డ తిప్పినంత తేలిగ్గా తిప్పింది. ఆ మధ్యాహ్నమే మొగుణ్ణి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

నెల తర్వాత ఇద్దరూ చూపించుకోవడానికి వచ్చారు. డాక్టరుగారు దర్జీ వీపు చూశారు. కళ్ళద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. చీమ కుట్టిన గుర్తు కూడా లేదు. ఇక లేపుదామని ఎడమ చెయ్యి పట్టుకున్నారు.

"ఆ చెయ్యి వదలండి డాక్టరుగారూ," అంది దర్జీ భార్య. "భుజం ఊడుతుంది. కాస్త పక్కకు జరగండి, చూపిస్తాను."

డాక్టరుగారు పక్కకు జరిగారు.

మర్నాడు గాజు తలుపు తెరిచారు, ఇప్పటిదాకా మూయలేదు. ప్రతి మంచం పక్కనా ఒక కుర్చీ వచ్చింది. ఇంట్లో చూసుకునే మనిషి ముందు నర్సును లేపి, తిప్పి, తాగించి పాసయితేనే అక్కడ రోగిని ఇంటికి పంపుతారు. డాక్టరుగారు కూడా ఒకసారి ఆ మంచమెక్కి పక్షవాతం తెచ్చుకున్నారనీ, లేపబోతే గురక వినిపించిందనీ నేను చెబుతుంటాను.

ఇదంతా రాసి అత్తకు చదివి వినిపించాను. ఆవిడ బూట్లు తుడుచుకుంటూ చివరిదాకా వింది.

"రెండు వందలు కాదు, నలభై ఒకటి. ఆ తర్వాత మిగతా నర్సులే పడుకున్నారు."