పసుపు చుక్కకు కుడివైపు తోక

హైవే నడి వరుసలో, ముందొక లారీ, వెనకొక లారీ. వెర్నా కిచెల్ యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉంది. ఇంజన్ గొంతు చించుకుంటోంది. వ్యాను మాత్రం ఎవరో వెనకనుంచి కొంగు పట్టి లాగినట్టు నెమ్మదిస్తోంది. ఏం జరిగిందో తెలియడానికి వెర్నాకి అరక్షణం చాలు. ఇరవై ఏడేళ్లు గేర్‌బాక్సుల గొంతులు విన్న చెవి అది.

వెనక చక్రాల కుర్చీలో బెల్టు కట్టుకుని కూర్చున్న భర్త లైల్ అడిగాడు. "గేరు పడట్లేదా?"

"పడదిక. గేర్‌బాక్సే పోయింది."

"నా కిడ్నీలు పోయి మూడేళ్లు. దీనికిప్పుడొచ్చింది రోగం. తోడు దొరికింది నాకు."

నవ్వడానికి వెర్నాకి ఊపిరి లేదు. పక్కనుంచి లారీలు హారన్లు కొడుతూ దూసుకుపోతుంటే, చెమట పట్టిన చేతులతో స్టీరింగ్ తిప్పి, ఉన్న కాస్త ఊపుతోనే వ్యానుని రోడ్డు అంచుకి చేర్చింది. ఆ రోజు లైల్‌కి డయాలసిస్ జరగలేదు. మర్నాటికి కాళ్లు పొంగి చెప్పులు పట్టలేదు. నర్సు ఫోన్లో ఒకటే మాట చెప్పింది: ఇంకొక్కటి తప్పితే గుండె తట్టుకోదు.

మంగళ, గురు, శని. వెళ్లడానికి ముప్పై ఎనిమిది మైళ్లు, రావడానికి ముప్పై ఎనిమిది. ఒకప్పుడు రోగుల కోసం కౌంటీ బస్సు ఒకటి తిరిగేది. ఊళ్లోని గేర్‌బాక్సుల ప్లాంటుకి పన్ను మాఫీ చేసిన ఏడాదే డబ్బుల్లేవని దాన్ని ఆపేశారు. శనివారానికీ మంగళవారానికీ పక్కింటివాళ్లు తీసుకెళ్తామన్నారు. గురువారం నాటికి మాత్రం వెర్నా ఒక వ్యాను కొనాలి. సెకండ్ హ్యాండుదే, కానీ దారిలో ఆగనిది.

ఇండియానాలోని ఆ వేడ్‌బర్గ్ ఊళ్లో వ్యాను ఎంచుకోవడమంటే గేర్‌బాక్సు ఎంచుకోవడమే. ఊరి అన్నం అది. ఊరి చివర ప్లాంటులో రోజుకి వేలకొద్దీ తయారై దేశమంతా పోయేవి. వెర్నా పనిచేసింది ఆఖరి టెస్టు దగ్గర. గేర్‌బాక్సుని బల్లకి బిగించి, తిప్పి, అన్ని గేర్లూ వేసి, చెవి ఒగ్గి వినేది. బాగుంటే అడుగున పెయింటు పెన్నుతో తన గుర్తు పెట్టేది. ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు. వెర్నాది పసుపు చుక్క. ఆమెది ఎడమచేతి వాటం కాబట్టి, చుక్క పెట్టి చెయ్యి లాగేటప్పుడు చిన్న తోక ఎడమవైపుకి సాగేది. "తోకకప్పని గీసినట్టుందే," అని పక్క బల్ల మీద పనిచేసే ఆర్లీన్ స్టర్జిస్ ఏడిపించేది. ఆర్లీన్‌ది నీలం త్రికోణం, గీసి కొలిచినట్టుండేది. ఆ గుర్తంటే ఆ ఆడవాళ్లకి సంతకం కన్నా ఎక్కువ. చెక్కు మీద సంతకం తప్పితే బ్యాంకు తిప్పి పంపుతుంది. ఇది తప్పితే ఎక్కడో హైవే మీద ఎవరి పిల్లలో ఆగిపోతారు.

సోమవారం పొద్దున్నే ఓటిస్ ప్రూయిట్ షెడ్డుకి వెళ్లింది. ముప్పై ఏళ్లుగా గేర్‌బాక్సులు తప్ప ఇంకోటి ముట్టని మెకానిక్ అతను. ఇద్దరూ రెండు బళ్లు లెక్కలోకి తీసుకున్నారు. ఒకటి పరదేశీ కంపెనీ వెండిరంగు వ్యాను. లక్షా యాభై ఆరువేల మైళ్లు తిరిగింది, పక్క తలుపు సొట్ట. రెండోది ఊరి గేర్‌బాక్సున్న ఎర్ర వ్యాను. మైళ్లు తక్కువ, పెయింటు మెరుస్తోంది, ధర కూడా తక్కువే.

"నన్నడిగితే వెండిదే," అన్నాడు ఓటిస్. "ముప్పై వేల మైళ్లకోసారి గేర్ ఆయిల్ మార్చిన బిల్లులన్నీ ఉన్నాయి. ఆ గేర్‌బాక్సు గొడ్డులాంటిది. మేత పడితే చాలు."

"పరదేశీ బండా? యూనియన్ హాలు ముందు పెట్టనిస్తారా నన్ను? గేటు దగ్గర కాపలా కూర్చునే వెండెల్ కర్ర పుచ్చుకొస్తాడు."

"వెండెల్ వచ్చి లైల్‌ని మోసుకెళ్తాడా ఆస్పత్రికి?"

"మన గేర్‌బాక్సుల్లో మంచివి లేవంటావా? నేను పాస్ చేసినవేనయ్యా అవి!"

"అనను. కొన్ని మూడు లక్షల మైళ్లు పోతాయి, కొన్ని లక్షకే చేతులెత్తేస్తాయి. ఏది ఏదో నాకింతవరకూ అంతు పట్టలేదు తల్లీ. అదిగో, ఆ గోడ వారనున్నవన్నీ చేతులెత్తేసినవే." గోడ వార పాత గేర్‌బాక్సులు చచ్చిన తాబేళ్లలా బోర్లా పడున్నాయి. "వెళ్లి ఆ ఎర్రదాన్ని చూడు. ఆయిల్ వాసన చూడు. చల్లటి బండిలో రివర్సు వేసి ఎంతసేపటికి పట్టుకుంటుందో లెక్కపెట్టు. ఎత్తు మీద ఒత్తి తొక్కు. నీ చెవి నమ్ముకో, ఓనరు నోరు నమ్మకు."

ఎర్ర వ్యాను ఓనరు కేలిన్ అనే చిన్న వయసు అమ్మాయి. ఇద్దరు పిల్లల తల్లి, గిడ్డంగిలో ఉద్యోగం. మేడమ్ మేడమ్ అంటూ వెంటే తిరిగింది. వెర్నా ఆయిల్ పుల్ల లాగింది. ఎర్రగా, చెర్రీపండు రసంలా నిగనిగలాడుతోంది. వాసనే లేదు.

"ఆయిల్ ఎప్పుడు మార్చారమ్మా?"

"మొన్ననే మేడమ్. అమ్మేముందు కొత్తది పోస్తే మర్యాదని మా ఆయన పోశాడు."

వెర్నా కనుబొమలు ముడిపడ్డాయి. కాలిన వాసన పట్టించే పాత ఆయిల్‌ని పారబోసి కొత్తది పోయడం మర్యాద కిందికి ఎలా వస్తుందో ఆమెకి తెలుసు. అయినా అడుగున ఎవరి గుర్తుందో చూద్దామని అట్టముక్క పరిచి వ్యాను కిందికి దూరింది. అరవై ఒకటో ఏట మోకాళ్లు తిట్టిపోశాయి. టార్చి వేసి, గుడ్డతో మడ్డి తుడిచింది.

పసుపు చుక్క.

పదమూడేళ్ల మట్టికింద, వెలిసిపోయి, తన చుక్క! ఎప్పుడో తప్పిపోయిన పిల్ల సంతలో ఎదురుపడ్డట్టయింది. "ఇది నేను పాస్ చేసిందేనమ్మాయ్!" అని కిందనుంచే అరిచింది. ఇంకేం చూడాలి? తన చెవి విని, తన చెయ్యి ఒప్పుకున్నది. లైల్‌ని దీన్లోనే తీసుకెళ్తుంది. బేరం కూడా ఆడదు.

అలవాటు కొద్దీ పక్కనున్న రేకు కూడా తుడిచింది. దాని మీద తయారైన ఏడాది, ఆ తర్వాత మూడంకెలు, ఏడాదిలో అది ఎన్నో రోజో. 281.

టార్చి కాసేపు అక్కడే ఆగిపోయింది.

281 అంటే అక్టోబరు ఎనిమిది. ఆ ఏడాది 258వ రోజు నుంచి 299వ రోజు దాకా వేడ్‌బర్గ్‌లో ఒక్క కార్మికుడూ ప్లాంటు గడప తొక్కలేదు. నలభై రెండు రోజుల సమ్మె. టెస్టు సమయం సగానికి తగ్గించాలని కంపెనీ, తగ్గించేది లేదని వీళ్లు. ఆ నెంబర్లు ఊళ్లో పుట్టినరోజుల్లా అందరికీ కంఠస్థం. అక్టోబరు ఎనిమిదిన వెర్నా గేటు బయట వానలో, డ్రమ్ములో మండుతున్న కట్టెల దగ్గర చేతులు కాచుకుంటోంది. లోపల సూపర్‌వైజర్లూ, ఎక్కడినుంచో తెచ్చిన అద్దె మనుషులూ లైను నడుపుతున్నారు.

మరి ఈ చుక్క ఎవరు పెట్టారు?

మొహం దగ్గరకి చేర్చి చూసింది. తోక ఉంది. కుడివైపుకి.

వ్యాను కిందనుంచి బయటికొచ్చి నేల మీదే కూలబడింది. కేలిన్ భయపడి నీళ్లు తెచ్చింది. ఆనాడు వెర్నా తన పెన్ను సొరుగులో పెట్టి తాళం వేసి సమ్మెకి వెళ్లింది. తాళం చెవి ఫోర్‌మన్ దగ్గర ఇంకోటి ఉండేది. పని లాక్కున్నారు, జీతం లాక్కున్నారు, సరే. పేరు కూడానా? ఆమె బయట నిలబడి దొంగ పని వద్దంటుంటే, లోపల ఆమె పేరుతోనే దొంగ పని!

"నిజం చెప్పమ్మా. దీని గేరు ఎప్పుడైనా జారిందా?"

కేలిన్ తలొంచుకుంది. "పోయిన నెల... హైవే ఎక్కేటప్పుడు. పిల్లలు వెనకున్నారు. క్షణమే మేడమ్, మళ్లీ పట్టుకుంది. అందుకే అమ్మేస్తున్నా."

"అమ్మకు. ఇంకొకరి పిల్లలు కూర్చుంటారు. నువ్వూ తోలకు. ఓటిస్‌కి చెప్తాను, బాగుచేసి ఇస్తాడు, డబ్బు మెల్లగా కట్టుకో." కేలిన్ ఏడ్చింది. ఆ పిల్లని తిట్టడానికి వెర్నాకి నోరు రాలేదు. ఆయిల్ మార్చి దాచిన తప్పుకి ఆమె మొగుణ్ని మాత్రం రెండు తిట్టింది.

ఆ మధ్యాహ్నమే ఓటిస్, వెర్నా గోడ వారనున్న గేర్‌బాక్సులన్నీ తిరగేసి రేకులు తుడిచారు. ఆ ఏడాదివి పదకొండు దొరికాయి. అందులో తొమ్మిది 258కీ 299కీ మధ్యవే.

"ఇన్నేళ్లూ నేను లోహంలో లోపం వెతుకుతున్నాను," అన్నాడు ఓటిస్, తల పట్టుకుని. "ఇది లోహం జబ్బు కాదే!"

వెర్నా తొమ్మిదోదాని అడుగున గుర్తు దగ్గర మడ్డి తుడిచింది. నీలం త్రికోణం. రేకు మీద 275.

సమ్మె మూడో రోజున ఆర్లీన్ గేటు ముందు ప్లకార్డుతోనే కుప్పకూలింది. గుండె ఆగిపోయింది. 263వ రోజున, ఆమె శవపేటిక మీద పిడికెడు మట్టి వేసిన వాళ్లలో వెర్నా ఒకతె.

చచ్చిపోయిన మనిషి చేత కూడా సంతకం పెట్టించారు.

మంగళవారం వెండిరంగు వ్యాను కొన్నది. గురువారం పొద్దున యూనియన్ హాల్లో రిటైరైన వాళ్ల టిఫిను. గేటు దగ్గర బోర్డు: ఇక్కడ తయారుకాని బళ్లు వెనక కంకర మీద పెట్టవలెను. బోర్డు పక్కన మడత కుర్చీలో వెండెల్ స్టర్జిస్, ఆర్లీన్ భర్త. వెర్నా తిన్నగా ముందు వరుసలోకి తెచ్చి, అతని కాళ్ల ముందు ఆపింది.

"ఏవమ్మా మహారాణీ! కళ్లు పోయాయా? బోర్డు చదవడం మర్చిపోయావా?"

"చదివానయ్యా, అది రాసిన రోజు నేనూ ఉన్నా."

"మనూరి అన్నం తిని పరాయి బండెక్కావ్! ఒరేయ్ లైల్, పెళ్లాన్ని అదుపులో పెట్టుకోలేవురా?"

"నలభయ్యేళ్ల నుంచీ ప్రయత్నిస్తున్నా," అన్నాడు లైల్ లోపలినుంచి. "నీకు చేతనైతే నువ్వు చూడు."

గోల విని ఏడెనిమిది మంది కాఫీ కప్పులతో బయటికొచ్చారు. వెర్నా వెనక తలుపెత్తింది. దుప్పటి మీద గేర్‌బాక్సు.

"వెండెల్, తిట్టడం ఆపి ఇలా రా. ఇది చూసి తర్వాత తిట్టు."

అతను వచ్చాడు. త్రికోణం చూసి మెత్తబడ్డాడు. బొటనవేలితో దాని అంచు తడిమాడు. "ఆర్లీన్‌ది. ఎక్కడ దొరికింది నీకు?"

"నెంబరు చదువు."

కళ్లజోడు ఎత్తి పెట్టుకున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. వేలు త్రికోణం మీంచి నిప్పు తగిలినట్టు వెనక్కొచ్చింది.

"రెండొందల డెబ్భై అయిదు..." వేళ్ల మీద లెక్కపెట్టాడు. "అప్పటికి ఆర్లీన్‌ని పాతిపెట్టి పన్నెండు రోజులు."

వెర్నా తన పసుపు చుక్క సంగతి చెప్పింది. కుడివైపు తోక, తొమ్మిది గేర్‌బాక్సులు, కేలిన్ పిల్లలు. "మనం బయటుండి వద్దన్న పనిని మన పేర్లతోనే చేశారు. ఇవి ఇంకా రోడ్ల మీదున్నాయి. జనం మనల్నే తిట్టుకుంటున్నారు. వెళ్లి మీ మీ బళ్ల కింద చూసుకోండి. నెంబర్లు రాయండి. ఎన్నైతే అన్నీ పట్టుకుని పేపరుకీ, కోర్టుకీ, ఎక్కడికైనా సరే వెళ్దాం."

మొదట కదిలింది వెండెలే. కుర్చీ వెనక నుంచి అట్టముక్క తీసి తన ట్రక్కు పక్కన పరిచి, డెబ్భై నాలుగేళ్ల నడుము విరుచుకుంటూ కిందికి దూరాడు. కాసేపటికి ముందు వరుస పొడుగునా బళ్ల కిందనుంచి ముసలి కాళ్లే బయటికి కనిపిస్తున్నాయి. "టార్చి ఇటివ్వవే!" అని ఒకరు, "రెండొందల అరవై నాలుగు!" అని ఒకరు. "వీడమ్మ కడుపు కాలా, ఇది నా ఆకుపచ్చ గీత!" అని ఇంకొకరు.

"వెర్నా," అన్నాడు లైల్ మెల్లగా. "పదకొండుకి అక్కడుండాలి."

ఆమె ఎక్కి కూర్చుని రివర్సు వేసింది. అలవాటుగా లెక్కపెట్టబోయింది. ఒకటి అనకముందే వ్యాను కుదుపన్నది లేకుండా వెనక్కి కదిలింది. వెండెల్ కాళ్లు ఇంకా ట్రక్కు కిందే ఉన్నాయి. వాటిని తప్పించుకుంటూ, జాగ్రత్తగా, హైవే వైపు తిప్పింది.