మంచులో పత్తి ఏరిన పిల్ల

2022 చలికాలం. అప్పుడు నేను ఆదోనిలో, అమ్మానాన్నలు లేని పిల్లలను పెంచే ఒక శిశుగృహంలో ఆయాగా చేస్తున్నాను. నా చదువు మూడో తరగతితో ఆగింది కాబట్టి కాగితాల పని నాకు అప్పజెప్పలేదు. పిల్లల తిండి, స్నానం, పడక నావి.

మాది పత్తి ఊరు. పంట చేతికొచ్చే రోజుల్లో లారీలు మా వీధి మీదుగానే జిన్నింగ్ మిల్లుకు, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లుకు పోతాయి. పోతూ పోతూ దారి పక్క కంపచెట్లకు పత్తి తగిలించి పోతాయి. అది గాలికి పోతుంటే నేను చూడలేను. పొద్దున్నే పెద్ద పిల్లలను వెంటబెట్టుకుని ఏరించేదాన్ని. కాస్త పత్తి పారేసినా తిట్టేదాన్ని. రాత్రి తేమకు నాని, ముట్టుకుంటే జిల్లుమనేది. ఆరబెట్టి, గింజ తీసి, పాతచీరల గలీబుల్లో కూరితే తలా ఒక దిండు. పిల్ల దత్తతకు పోయేటప్పుడు దూది తీసి దాచి, గలీబు మాత్రం గుడ్డలతో పాటు కట్టి ఇచ్చేదాన్ని. రాబోయే పిల్లకు దూది కావాలి కదా.

అలా పత్తి ఏరే పిల్లల్లో గంగ ఒకతి, అప్పుడు ఐదేళ్లు. పేరు మార్చి రాస్తున్నాను. ఎమ్మిగనూరు నేతవాళ్ల ఇంటి దంపతులు దత్తతకు అడిగారు. భర్తకు ఉత్తరాన మంచుకొండల్లో, మనాలి అవతల రోడ్డు పనుల్లో ఉద్యోగం. దత్తత ఆర్డర్ వచ్చేలోపు పిల్లను ఇంట్లో ఉంచుకుని చూసుకోవడాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. అలా గంగ ఆ కొండల్లోకి పోయింది.

కొన్నాళ్లకు ఆ తల్లి సరోజ ఫోన్ చేసింది.

"ఆయమ్మా, పిల్ల నన్ను ఇంతవరకు అమ్మా అనలేదు. మంచు పడితే ఆడుకుంటాదనుకుంటి. ఆడుకోదు. మీరిచ్చిన గలీబు నిండా మంచు నింపుకొచ్చి పొయ్యి కాడ పెడతాది. కరిగిపోతే ఏడుస్తాది. ఎందుకే అంటే నోరిప్పదు. ఈడ ఉండబుద్ధి కాలేదేమో, మళ్లా ఆదోనికే పంపాల్నేమో అని మా ఆయన అంటాండాడు."

"పంపేదానికి అదేమన్నా అంగడి సరుకా? ముందు పిల్లని సూపించు" అన్నాను.

వీడియోలో ఉన్ని టోపీ, ఎర్రబడిన ముక్కు కనిపించాయి. వెనక అంతా తెలుపు.

"ఏమే గంగా, ఏం సేస్తాండావు?"

"పత్తి ఏరుతాండా ఆయమ్మా."

"అంత పత్తి నీకెందుకే?"

"దిండుకి. అమ్మ దిండు నాకిచ్చేసింది. చెయ్యి తలకింద పెట్టుకొని పండుకుంటాది." తర్వాత గొంతు తగ్గించింది. "ఆరబెడితే అంతా పోతాది. నేను పారెయ్యలేదు. తిట్టొద్దు ఆయమ్మా."

ఫోన్‌లో పిల్ల కనబడకుండా పోయింది. ఒకసారి నేల, ఒకసారి చూరు కనిపించాయి. సరోజ గొంతు మాత్రం వినిపించింది.

"ఎవురి దిండన్నావే?"

"అమ్మ దిండు. నీదే."

పిల్ల మళ్లీ ఫోన్ ముందుకొచ్చాక నేనే చెప్పాను.

"అది పత్తి కాదే. వాన నీళ్లే చలికి అట్లయినాయి. దాచిపెట్టేది కాదు, ఆడుకునేది."

"పారబోస్తే?"

"పారబొయ్యి."

గంగ కళ్లు పెద్దవి చేసింది. "నువ్వేనా ఆయమ్మా సెప్పేది?"

"నేనే. పో, మీ అమ్మ నెత్తిన పొయ్యి."

గంగ గలీబును రెండు చేతులా ఎత్తి సరోజ మీద గుమ్మరించింది. సరోజ కెవ్వుమంది. "ఓయమ్మో, వీపులోకి పోయిందే!" అని నవ్వుతూనే గుప్పెడు తీసి పిల్ల మీద చల్లింది. ఆ అరుపులకు భర్త చెప్పులైనా లేకుండా బయటికొచ్చాడు. ఆయనకూ ఒక గుప్పెడు తగిలింది. మధ్యలో గంగ ఆగి ఫోన్ వైపు చూసింది, నా ముఖం ఎట్లుందో అని. "సూస్తావేమే, ఇంగా సానా ఉంది" అన్నాను. అంతే, దాంట్లో పడి పొర్లింది.

ఆర్డర్ వచ్చింది. గంగ వాళ్ల పిల్లయింది.

కొత్త ఇంట్లో పిల్ల వింతగా చేస్తే, పాత ఇల్లు మరిచిపోలేకే చేస్తోందని పెద్దవాళ్లు భయపడతారు. పాత ఇంట్లో నేర్చిన పనే కొత్తవాళ్ల కోసం చేస్తుండవచ్చు. ఎవరి కోసం చేస్తోందో ముందు అడగాలి. నాకు తెలిసింది ఇంతే.

ఆ తర్వాత దత్తతకు పోయే పిల్లల గలీబుల్లోంచి దూది తీయలేదు. దిండును దిండుగానే పంపాను. రాబోయే పిల్లల కోసం ఇంకాస్త ముందు లేచి కంపచెట్ల దగ్గరికి పోయేదాన్ని.