షట్టర్ వెనుక బూట్ల పరీక్ష

తెలంగాణ ఉద్యమం రోజులవి. బండలెక్కే శిక్షణకు మరునాడే బస్సెక్కి వేరే ఊరికి చేరాలి, లేకపోతే నా చోటు ఇంకొకరికి ఇస్తారు. బూట్ల కోసం జనగామలో ఒక దుకాణానికి వెళ్లాను. తొడిగి చూస్తుండగానే బయట లాఠీచార్జి మొదలైంది. సేటు షట్టర్ దించేశాడు. లోపల ఉక్క, రబ్బరు వాసన.

"జర పెద్దయి తీస్కో బిడ్డా. ఆడపిల్ల కాళ్లు, కందిపోతయి."

"బండకు ఆడ, మొగ తెలుస్తదా సేటూ?"

పరీక్షించకుండా నేను ఏ మాటా ఒప్పుకోను. పెద్ద జతతో చెక్క అర అంచు మీద మునివేళ్లపై నిలబడితే మడమ జారి బయటికొచ్చింది. చిన్న జత అంచును గట్టిగా పట్టుకుంది కానీ, కాసేపటికే వేళ్లు మొద్దుబారాయి. మగపిల్లల బూట్లలో దొరికిన మూడో జతలో వేళ్లు బూటు కొసను తాకాయి కానీ ముడుచుకోలేదు. మడమ కదల్లేదు.

"గివి కావాలె."

"గివేసుకొని ఎట్ల పోతవ్? రేపు బందేనట. బస్సులుండయి."

బంద్ జరగాల్సిందేనని కాలేజీలో అందరికంటే గట్టిగా వాదించింది నేనే. ఇప్పుడూ కాదనలేను. సరిపోయిన బూట్లు విప్పబుద్ధి కాక, దించిన షట్టర్‌ను చూస్తూ స్టూలు మీద కూర్చుండిపోయాను.