మస్తాన్‌బీ పిన్ని మట్టి

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు రాసి చెప్పేస్తాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను, అదే ధైర్యం. నరసరావుపేటకి దగ్గరి ఊరు మాది. నా పేరు మాత్రం అడగకండి. ఆమె పేరు చెప్తాను, అది దాచకూడదు.

ముందు నా గొప్ప చెప్పుకోవాలి. గొప్ప చెప్పుకోకుండా నేను తప్పు కూడా ఒప్పుకోలేను, నా తీరే అంత. ఇవాళ మా పెరడు చూడ్డానికి పక్క ఊళ్ల ఆడవాళ్లు వస్తున్నారు. రాలిన ఆకుని రాలినట్టే ఉంచుతాను. జానెడు మందాన ఆకూ అలమూ ఉంటుంది. పక్కకి తోసి చూస్తే కింద నల్లటి మట్టి. పిడికిట్లో ముద్దవుతుంది, వదిలితే పొడిపొడిగా రాలుతుంది. వానపాముల సంగతి చెప్పక్కర్లేదు. వ్యవసాయాఫీసు వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. "ఇంత మంచి మట్టి ఎట్టా చేశావమ్మా" అని ఎవరన్నా అడిగితే నా తల ఆకాశానికి తగులుతుంది. గర్వమే, ఎందుకు దాచుకోవాలి?

కానీ ఆ విద్య నాది కాదు. గోడ అవతలి మస్తాన్‌బీ పిన్నిది.

పిన్ని మా పక్కింటామె. ఆమె భర్త మెకానిక్కు. పిన్ని పెరట్లో గోంగూర, తోటకూర పెంచి, పొద్దున్నే గంపలో పెట్టుకుని వీధుల్లో అమ్మేది. ఆ పెరట్లో చీపురు ఆడేది కాదు. వేపాకు, బాదం ఆకు, కూరల తొక్కు, అన్నీ మళ్ల మధ్యనే వేసేది. నాకేమో చూస్తే ఒళ్లు మండేది. అప్పట్లో నా వాకిలీ పెరడూ అంటే ఊళ్లో పేరు మరి. రెండు పూటలా ఊడ్చేదాన్ని, పేడతో అలికేదాన్ని, గడ్డిపరక కనిపిస్తే కొడవలి మొనతో గీకేదాన్ని. మా చెట్టు ఆకు నేలని తాకిన అరగంటలో మంటలో ఉండేది. ఎవర్నీ మెచ్చని మా అత్తగారు కూడా "నా కోడలి వాకిట్లో అన్నం కలుపుకొని తినొచ్చు" అనేది. ఆ ఒక్క మాట మీద ఏళ్లు బతికాను.

ఒకసారి మా ఆయన తన పార్టీ పెద్దనీ, ఆయన భార్యనీ భోజనానికి పిలిచాడు. రెండు రోజులు ఒళ్లు హూనం చేసుకుని ఇల్లూ వాకిలీ అద్దంలా పెట్టాను. ఆవిడ గోంగూర పచ్చడి రుచి చూసి ఆకు ఎక్కడిదని అడిగింది. పక్కింటిదని మా ఆయన చెప్పాడు. చెయ్యి కడుక్కుని ఆవిడ నేరుగా గోడ దగ్గరికి పోయింది. పావుగంట నిలబడి ఆ చెత్తనీ, చెత్తలోంచి మోకాలెత్తు లేచిన గోంగూరనీ చూసింది. "మట్టంటే అదీ" అంది. నా వాకిలి మీద ఆవిడ కన్ను పడనే లేదు.

అంతే. దానికే. ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని ఎంత వెతుక్కున్నానో. పాములొస్తాయని భయపడ్డానా? దోమలని విసుక్కున్నానా? అవేవీ కాదు. అసూయ. శుద్ధ అసూయ.

ఆ మర్నాడు పిన్ని పెళ్లికని నాదెండ్లలో చుట్టాలింటికి వెళ్లింది. పత్తిచేను గట్ల మీద గడ్డికి కొట్టగా మిగిలిన కలుపుమందు స్ప్రేయరు డబ్బా అడుగున ఉంది. మా గోడ వార గడ్డికి కొడదామనే భుజాన వేసుకున్నాను, దేవుడి తోడు. మా వైపు అయిపోయింది. చెయ్యి గోడ మీదికి లేచింది. లేచింది అంటున్నాను చూడండి, అదేదో దానంతటదే లేచినట్టు! నేనే ఎత్తాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆమె మళ్ల మీద కొట్టాను.

పది రోజులకి పిన్ని తిరిగొచ్చింది. గోంగూరంతా పసుపు తిరిగి తలలు వాల్చేసి ఉంది. వేళ్లతో సహా పీకిన మొక్కని చేత్తో పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"ఏందమ్మాయ్ ఇది? నా మట్టికి ఏం రోగమొచ్చిందే?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట వేరు.

"ఇంకేంది పిన్నీ, ఆ చెత్తంతా కుళ్లి తెగులు పట్టింది. మొత్తం ఊడ్చి తగలబెట్టు."

"మా అమ్మ కాణ్ణుంచీ ఇట్టాగే చేస్తన్నాం గదే."

"నీకేం తెలవదు పిన్నీ. నా పెరడు చూడు, ఎట్టా ఉందో."

ఆమె మా పెరడు వైపు చాలాసేపు చూసింది. "సదూకున్నదానివి, నువ్వు చెప్పిందే నిజమేమోలే" అంది.

మందు చంపింది ఒక్క కాపునే. మళ్లీ విత్తితే మొలిచేది. మట్టిని చంపింది నా మాట. తల్లి నాటి నుంచి పోగేసుకున్న ఆకునంతా పిన్ని మూడు రోజులు ఊడ్చి కాల్చింది. ఆ పొగ మా ఇంట్లోకి వస్తుంటే కిటికీ వేయడానికి నాకు చేతులు రాలేదు. ఆ ఎండాకాలానికి ఆమె నేల నెర్రెలిచ్చింది. తర్వాత విత్తింది కొంత మొలవలేదు, మొలిచింది గిడసబారింది. మరుసటేడు గంప అటకెక్కింది. పిన్ని మిరపకాయల కోతకి కూలికి పోసాగింది.

నాకు బుద్ధెప్పుడొచ్చింది? మా నిమ్మచెట్టు నిలువునా ఎండినప్పుడు. దాన్ని తవ్వబోతే గడ్డపార దిగదు. అంత అలికిన నేల, అంత ఊడ్చిన నేల, వాన పడితే చుక్క ఇంకకుండా నీళ్లన్నీ వీధిలోకి పారేవి. గడ్డపార పట్టుకుని అక్కడే కూలబడ్డాను. పిన్ని ఉత్త చేత్తో మొక్క పీకేది కదా అని గుర్తొచ్చింది.

ఆ రోజే చీపురు మూలన పెట్టాను. ఊళ్లో నవ్వారు, అత్తగారు మాట్లాడ్డం మానేసింది. లెక్కచేయలేదు. గోడ మీంచి ఈసడించుకుంటూ చూసినవన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని చేశాను. రెండేళ్లకి మొదటి వానపాము కనిపిస్తే మా ఆయన్ని చేలోంచి పిలిపించి మరీ చూపించాను. మట్టి బాగయ్యాక మొదటి గంపెడు మట్టి పిన్నికే ఇచ్చాను. ఇప్పటికి ఎన్ని గంపలు మోశానో. ఆమె పెరట్లో గోంగూర మళ్లీ లేస్తోంది. దాని మీదా నాకు గర్వమే. ఆ హక్కు నాకుందా? దొంగ సొత్తు తిరిగిస్తూ దాతనని అనిపించుకోవడం కాదూ ఇది?

పోయిన వారం బొల్లాపల్లి నుంచి ఆడవాళ్లు వచ్చారు. ఇదంతా ఎవరు నేర్పారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే పక్కనే ఉన్న పిన్ని ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎవురో నేర్పేదేంది? ఈ అమ్మాయే నాక్కూడా నేర్పింది. నాకేం తెలవదమ్మా. పద్ధతి తెలవక చెత్త పోగేసుకుని మట్టిని పాడు చేసుకున్నదాన్ని. మట్టంటే ఏందో ఈమె కాడే తెలుసుకున్నా."

చెప్తుంటే ఆమె కళ్లు మెరుస్తున్నాయి. నన్ను చూసి ఆమె గర్వపడుతోంది.

నేనేం చేశాను? నవ్వాను. తల కూడా ఊపాను.

రేపు పొద్దున్నే గంప పట్టుకుని వస్తుంది. నింపి ఇస్తాను. ఆమెకి చెప్పగలనో లేదో తెలియదు. మీకు మాత్రం చెప్పాను, ముల్లు కాస్త కదిలింది. ఇంత మంచి మట్టి ఈ పల్నాట్లో ఇంకెవరి పెరట్లోనూ లేదు, పందెం కాస్తాను. అది మస్తాన్‌బీ పిన్ని మట్టి. రాశాను, ఇక చెరపను.