స్కానింగ్ గదిలో మా అత్త గొంతు

ఇది జరిగినప్పుడే రాసేదాన్ని. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఎవరితోనైనా రాయిద్దామంటే, నవ్వి తమకు తోచింది రాస్తారని భయం. ఈ మధ్యే మనవరాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. మా వేల్పు మీద ఒట్టు... ఇందులో ఒక్క మాట కల్పించలేదు.

మాది దుమ్ముగూడెం అవతల అడవి ఊరు. మా ఆయనకు మలం తారులా నల్లగా పోయి, కళ్లు తిరిగి పడిపోతే ఖమ్మం దవాఖానాకు తెచ్చాం. నోట్లోంచి కెమెరా పంపి చూశారు. ఏమీ దొరకలేదు. రక్తం ఎక్కించినకొద్దీ లోపలెక్కడో కారిపోతూనే ఉంది. ఆ రాత్రి సీటీ స్కాన్ అన్నారు.

"నరానికి మందెక్కించి తీస్తమవ్వా. రక్తం కారే చోట ఆ మందు తెల్లగ కనపడ్తది," అన్నాడు స్కాన్ తీసే అబ్బాయి. "ఊపిరి బిగబట్టాలె. కదిలితే బొమ్మ చెదిరిపోతది. మిషన్ హిందీల చెప్తది. నేను చెప్దామంటే నా మైకేమో ఖరాబైంది."

"హిందీనా! ఆయనకు తెలుగే సగం వస్తది తమ్ముడూ. మా కోయ మాటైతేనే..."

"అయితే మిషన్‌కు కోయ నేర్పియ్యి పో," అని నవ్వి తలుపేశాడు.

బయట బల్ల మీద నేనొక్కదాన్నే. లోపల మిషన్ తిరుగుతోంది... గుయ్‌మని. ఏదో హిందీ మాట వినిపించింది. ఆ తర్వాత...

చిన్న దగ్గు.

మా అత్త, మా ఆయనను కన్నతల్లి, మాట్లాడే ముందు అలాగే దగ్గేది. దగ్గి... మా కోయ మాటలో... మెల్లగా... "పీల్చు నాయనా... ఆపు... ఆపు..."

నేనూ ఊపిరి ఆపేశాను.

"ఇగ విడువు."

అత్త పోయి ఏళ్లయింది. పోయే ముందు ఆమెకూ ఇలాగే నల్లగా పోయింది. నేరేడు పండ్ల కాలం. పండ్లు తిన్నది కదా అనుకున్నాం అందరం. ఆమె లోపల ఏం కారిందో ఎవరూ బొమ్మ తీసి చూడలేదు. చూడొచ్చని కూడా మాకు తెలియదు.

తలుపు తెరుచుకుంది. "మస్తు బిగబట్టిండవ్వా! బొమ్మ సాఫ్‌గ వచ్చింది. చిన్నపేగుల కారుతున్నది."

"లోపల ఎవరున్నరు తమ్ముడూ?"

"ఎవరుంటరు? స్కాన్ తీసేటప్పుడు ఎవర్నీ ఉండనియ్యం."

ఆ రాత్రే తొడ నరంలోంచి సన్నని గొట్టం పంపి ఆ చోటు మూసేశారు. మా ఆయన బతికాడు. ఊపిరి ఆపమని ఎవరు చెప్పారని అడిగితే, "ఎవరో చెప్పిండ్రు... ఆపిన," అని కళ్లు మూసుకున్నాడు. నేను విన్నది నా భయమా, ఇంకేమన్నానా... ఇప్పటికీ తెలియదు.

తెల్లారి ఆయనకు కాస్త గంజి తాగించమన్నారు. మా ఇళ్లల్లో మొదట చనిపోయిన పెద్దలకు తీసి పెడతాం. ఒక గ్లాసులో పోసి స్కానింగ్ గది గుమ్మం పక్కన పెట్టాను. చివరి రోజుల్లో అత్తకు గంజి కూడా దిగలేదు.

ఊడ్చే ఆమె వచ్చింది. "ఏందిది? ఎవరిది?"

"మా అత్తది," అన్నాను.