ల్యాపంటే రానూపోనూ

మా ఎదురు ఫ్లాట్ ఆంటీ పోయిన మంగళవారం నిద్రలోనే వెళ్లిపోయారు. కెనడాలో, మా హాలిఫాక్స్‌లోనే ఒక ఆసుపత్రి వంటగదిలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన మనిషి. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, ఏడుస్తూనే, "నిన్న సాయంత్రం కూడా పూల్‌కి వెళ్లొచ్చిందక్కా. బ్యాగ్ ఇంకా తడిగానే ఉంది" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

ఆంటీ అరవై రెండేళ్లకు ఈత మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పికి నీళ్లలో కదలమని డాక్టర్ చెప్పాడు. "ఒక్కదాన్నే అయితే సిగ్గేస్తుంది, నువ్వూ రా" అని నన్నూ బస్సెక్కించారు. నాకు నీళ్లంటే చచ్చేంత భయం. మొదటిరోజు నేను గట్టు వదల్లేదు. ఆవిడ ముఖం ముంచి, దగ్గుకుంటూ లేచి, "నీళ్లు ముక్కులోకే పోయాయి, ప్రాణంలోకి పోలేదు. దిగవే!" అన్నారు.

కొన్ని నెలలకు ఆంటీ పాతిక మీటర్ల పూల్ ఈ కొస నుంచి ఆ కొసకు ఈదేస్తున్నారు. నేనేమో లోతు మొదలయ్యే చోట వెనక్కి తిరిగేదాన్ని. ఎన్నిసార్లు ఈదారో మరిచిపోకుండా ఆవిడ నక్షత్రాలు లెక్కపెట్టుకునేవారు. మొదటి గోడ అశ్విని, రెండోది భరణి. పక్క లేన్‌లోని తెల్లాయన ఆ పేర్లు విని ఏదో మంత్రమనుకున్నాడు.

ఆ చలికాలం పూల్‌లో ఒక పోస్టర్ పెట్టారు. ఇరవై ల్యాప్‌లు ఈదినవాళ్లకు సర్టిఫికెట్. ఫారమ్ నేనే నింపాను.

"ల్యాపంటే ఎంతే?"

"ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆంటీ" అన్నాను ధీమాగా. మా ఈత క్లాసులో అందరూ అలాగే అనేవారు మరి. ఆంటీ రెండు నెలలు ఆ ఇరవై కోసమే సాధన చేశారు.

ఆ రోజు ఇరవయ్యోసారి గోడ ముట్టుకుని "పూర్వాషాఢ!" అని రెండు చేతులూ పైకెత్తారు. నేను తువ్వాలు పట్టుకుని పరుగెత్తాను. లెక్క రాస్తున్న అమ్మాయి చప్పట్లు కొట్టి, "గ్రేట్! టెన్ డన్, టెన్ టు గో!" అంది.

గట్టు మీద మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఆంటీ, తప్పు నాదే. వీళ్లకి ల్యాపంటే రానూపోనూ అట. ఇంకా సగం ఉంది. చాలు, వచ్చేయండి."

తిడతారనుకున్నాను. ఆవిడ ఆయాసపడుతూ నన్ను చూసి, పూల్ అంతా వినబడేలా నవ్వారు.

"రాదనుకున్న సగం వచ్చేసిందిగా. రెండో సగం మాత్రం ఎక్కడికి పోతుంది?"

గాగుల్స్ సర్దుకుని, "ఉత్తరాషాఢ" అని గోడను తన్ని వెళ్లిపోయారు.

రేవతి అయ్యాక మళ్లీ అశ్వినికి వచ్చారు. మిగతావాళ్లంతా ముగించి గట్టెక్కారు. ఆంటీ చేతులు బరువెక్కడం నాకు కనబడుతూనే ఉంది. క్లాసుకి వేసుకున్న ఈత బట్టల్లోనే ఉన్నాను కనుక, లైఫ్‌గార్డ్‌ని అడిగి పక్క లేన్‌లోకి దిగాను. ఆవిడ ముఖమే చూస్తూ ఈదాను. అవతలి గోడ అందుకుని అడిగాను.

"ఏ నక్షత్రం, ఆంటీ?"

"ఆర్ద్ర. అది సరేలే, నువ్వెక్కడున్నావో చూసుకున్నావా?"

కిందికి చూశాను. నా కాళ్ల కింద నేల లేదు. ఈ కొస నుంచి ఆ కొసకు నా మొదటి పూర్తి లెంగ్త్ అదే.

మిగిలిన ఏడూ పక్కపక్కనే ఈదాం. చివర "హస్త" అంటూ ఆవిడ చెయ్యి గోడకు తగిలినప్పుడు గట్టు మీదివాళ్లంతా లేచి నిలబడ్డారు.

తర్వాత కొత్తగా చేరినవాళ్లకు ఆంటీయే పాఠం చెప్పేవారు. "లెంగ్త్ అంటే గోడ నుంచి గోడకి, అందులో గొడవ లేదు. ల్యాప్ మాత్రం ఒక్కొక్కరి నోట్లో ఒక్కోటి. ముందు అడగండి, తర్వాత దూకండి." ఆ తప్పు ఎవరిదో మాత్రం ఏనాడూ ఎవరికీ చెప్పలేదు.

సర్టిఫికెట్ అందుకున్న ఆ సాయంత్రం బస్టాప్‌లో మంచు పడుతోంది. టోపీ కిందనుంచి జారిన ఆవిడ తడి జుట్టు కొసలు గడ్డకట్టి పుల్లల్లా నిలబడ్డాయి. ఆవిడ తల ఊపితే అవి ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేశాయి. "వినవే, విను" అంటూ, బస్సు వచ్చి ఆగినా పట్టించుకోకుండా, ఆంటీ చిన్నపిల్లలా తల ఊపుతూనే ఉన్నారు.